కంచెకి కట్టిన నోటీసు: మా పొలం దారి మళ్లిస్తారట, అభ్యంతరం ఎలా చెప్పాలి?

పొలంగట్టు
మార్చి 3, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో ఉంటూ ఈ కౌన్సిల్ కాగితాల గొడవ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మా వీధి చివర పొలంలోంచి ఒక పబ్లిక్ ఫుట్‌పాత్, అంటే అందరికీ నడిచే హక్కున్న కాలిదారి, పోతుంది. ఇటు ఎక్కితే అటు స్కూలు పక్కన దిగుతాం. పెద్దవాణ్ణి రోజూ ఆ దారినే నడిపించి తీసుకెళ్తాను. చిన్నదాన్ని తోపుడు బండిలో వేసుకుంటే మాత్రం కంచె దాటే చెక్క మెట్టు దగ్గర బండిని ఎత్తి అవతల పెట్టాలి. అదొక్కటే కష్టం.

ఆ పొలంలో ఇళ్లు కడతారని పోయినేడే అనుమతి వచ్చిందట. మాకెవరికీ తెలీదు. మొన్న ఆ మెట్టుకి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన నోటీసు కట్టారు. పటం మీద నల్లగీత ఇప్పటి దారి, చుక్కల గీత కొత్త దారి. కొత్తది నేరుగా పోదు, కట్టబోయే ఇళ్ల రోడ్డు పక్కగా చుట్టూ తిరుగుతుంది. "3 మీటర్ల వెడల్పు, నడక మరియు సైకిల్ మార్గం" అని రాశారు. పైన ఏదో సెక్షన్ 257 అని ఉంది.

డిసెంబరులో కౌన్సిల్ నుంచి అభిప్రాయం చెప్పమని ఒక ఉత్తరం వస్తే ఈమెయిల్ పంపాను. అందిందని జవాబు కూడా వచ్చింది. అది చాలా? మా వీధి వాట్సాప్ గ్రూపులో అయితే అరవై మంది మండిపడుతున్నారు.

---

రెండుచక్రాలు
మార్చి 3, రాత్రి 9:40

ఇందులో బాధపడాల్సింది ఏముందండీ? బురదలో జారే దారి పోయి మూడు మీటర్ల గట్టి దారి వస్తోంది. స్కూలుకి పిల్లాడు సైకిల్ మీదే పోవచ్చు. మా దగ్గర ఇలాంటిది వేయమని నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాం.

---

దారిపటం
మార్చి 3, రాత్రి 10:25

పొలంగట్టు గారూ, ముందు ఒక్క మాట చెప్పండి. ఆ నోటీసు మీద తేదీ ఎంత?

డిసెంబరు ఈమెయిల్ చాలదు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. కౌన్సిల్ ముందుగా మర్యాదకి ఒకసారి అందరినీ అడుగుతుంది. అప్పటికి ఆర్డర్, అంటే దారి మళ్లించే ఉత్తర్వు, అనేదే లేదు కాబట్టి దానికి అభ్యంతరం కూడా లేనట్టే. ఆర్డర్ రాసి, నోటీసు కట్టి, పేపర్లో వేశాక కనీసం 28 రోజులు గడువు ఇస్తారు. ఆ 28 రోజుల్లో, నోటీసులో చెప్పిన చిరునామాకి, రాతపూర్వకంగా వెళ్లిందే లెక్క. పాత ఈమెయిల్‌నే మళ్లీ పంపినా సరే, కానీ మళ్లీ పంపాలి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక్క అభ్యంతరం సరిగ్గా వెళ్లి, వెనక్కి తీసుకోకుండా నిలబడితే ఆ ఆర్డర్‌ని కౌన్సిల్ తనంతట తాను ఖరారు చేయలేదు. ఇలాంటి తగాదాలు తేల్చే ప్రభుత్వ సంస్థ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి పంపాలి, లేదా వదులుకోవాలి. అభ్యంతరాలేవీ లేకపోతే వాళ్లే సంతకం పెట్టేసుకుంటారు. వాట్సాప్‌లో అరవై మంది కోపం కౌన్సిల్ లెక్కలో సున్నా.

---

పొలంగట్టు
మార్చి 3, రాత్రి 10:41

అయ్యో. నోటీసు తేదీ ఫిబ్రవరి 20. కింద మార్చి 20 లోపు అని ఉంది. ఇంకా 17 రోజులు ఉన్నాయన్నమాట. అసలు ఇళ్లే వద్దని రాయొచ్చా?

---

దారిపటం
మార్చి 3, రాత్రి 11:02

రాయొచ్చు, కానీ పక్కన పడేస్తారు. ఇళ్లకి అనుమతి వచ్చేసింది. దాని మంచిచెడ్డలు మళ్లీ ఇక్కడ తవ్వనివ్వరు. అనుమతి దశలోనే దారి గురించి అడిగి ఉండాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది ఇప్పుడు.

కానీ చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఇళ్లకి అనుమతి ఉన్నంత మాత్రాన దారిని మూసే హక్కు రాదు. అందుకే వేరే ఆర్డర్ కావాల్సి వచ్చింది. సెక్షన్ 257 అంటే 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలోది. అక్కడ అడిగే మొదటి ప్రశ్న: ఆ నిర్మాణం జరగాలంటే దారి మళ్లించడం అవసరమా? వీలుగా ఉంటుందా, అందంగా ఉంటుందా అని కాదు. అవసరం అని తేలాక, జనానికి కలిగే నష్టం ఎంత అని తూస్తారు.

కాబట్టి రేపు ఒక పని చేయండి. ప్లానింగ్ వెబ్‌సైట్‌లో ఆ ఇళ్ల లేఅవుట్ పటం దొరుకుతుంది. దాని మీద ఇప్పటి దారి గీత పెట్టి చూడండి. గీత నిజంగా ఎన్ని ఇళ్ల కిందుగా పోతోంది?

---

గేటుపక్కఇల్లు
మార్చి 4, ఉదయం 7:55

అవతలి వైపు నుంచి నేనూ ఒక మాట చెప్తాను. దారి మళ్లించమని అడిగేవాళ్లంతా దుర్మార్గులు కారు.

మా ఇంటి వంటగది కిటికీకి రెండు మీటర్ల దూరంలో పబ్లిక్ ఫుట్‌పాత్ ఉండేది. కొన్నప్పుడు సొలిసిటర్ చెప్పింది, మేమే అంతగా పట్టించుకోలేదు. ఆ తర్వాత నేను గిన్నెలు కడుగుతుంటే ఎవరో నాకు గుడ్ మార్నింగ్ చెప్పి పోయేవారు. మొదట్లో సరదాగానే ఉండేది. రెండో ఏడుకి సరదా పోయింది.

మాది వేరే చట్టం, 1980 హైవేస్ చట్టంలో సెక్షన్ 119. అక్కడ యజమాని ప్రయోజనం కోసం కూడా మళ్లించొచ్చు, కానీ కొత్త దారి జనానికి చెప్పుకోదగ్గంత అసౌకర్యంగా ఉండకూడదు. ఇళ్ల తోటల్లోంచి, పశువుల కొట్టాల మధ్యలోంచి పోయే దారుల విషయంలో యజమానుల వైపు కొంచెం మొగ్గు చూపమని 2023లో ప్రభుత్వం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా మాకు దాదాపు మూడేళ్లు పట్టింది. రెండు అభ్యంతరాలు. చివరికి ఇన్‌స్పెక్టర్ బూట్లు వేసుకుని వచ్చి పాత దారి, కొత్త దారి రెండూ నడిచి చూసి ఒప్పుకున్నారు. ఫీజులన్నీ మేమే కట్టుకున్నాం.

కొత్త దారి చలికాలంలో బురదైపోతుంటే, అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుని సొంత డబ్బుతో కంకర పోయించాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

---

కర్రసాయం
మార్చి 4, మధ్యాహ్నం 2:30

రెండుచక్రాలు గారికి. మూడు మీటర్ల గట్టి దారి అని మీరు సంబరపడుతున్నారు. నాకు కంటిచూపు పక్కలు పోయింది, ఎదురుగా ఒక గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. పొలం దారిలో నాకు భయం లేదు. ఎదురొచ్చేది మనిషో కుక్కో, అడుగుల చప్పుడు తెలుస్తుంది. సైకిల్ చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తుంది. గంట కొడితే ఎటు తప్పుకోవాలో తెలియదు, ఆగిపోతాను. ఆగితే తిట్టిపోతారు.

మా ఊళ్లో పేవ్‌మెంట్ మీదే తెల్లగీత గీసి, సైకిల్ బొమ్మ వేసి, "ఇది ఇక ఇద్దరిదీ" అన్నారు. నోటీసు ఏదీ నేను చూడలేదు. నిన్నటిదాకా నాది, ఇవాళ ఇద్దరిదీ. అప్పటినుంచి ఆ రోడ్డు మానేశాను.

---

రెండుచక్రాలు
మార్చి 4, సాయంత్రం 6:18

సైకిల్ తొక్కేవాళ్లంతా తిట్టేవాళ్లు కాదు సార్. లారీల మధ్య చావమంటారా మమ్మల్ని?

---

మోడరేటర్
మార్చి 4, సాయంత్రం 6:31

నెమ్మది. ఇద్దరూ ఒకే సమస్య గురించి మాట్లాడుతున్నారు.

---

రెండుచక్రాలు
మార్చి 4, రాత్రి 8:05

సరే, కోపంలో అన్నాను. కర్రసాయం గారూ, క్షమించండి.

నిజం చెప్పాలంటే మీరన్నదే ప్రభుత్వ పుస్తకం కూడా అంటోంది. 2020 జూలైలో ఎల్‌టీఎన్ 1/20 అని సైకిల్ దారుల డిజైన్ మార్గదర్శకాలు వచ్చాయి. సైకిల్‌ని వాహనంగా చూడాలి, నడిచేవాళ్లతో కలపకూడదు, ఊళ్లోని వీధుల్లో పేవ్‌మెంట్‌ని ఇద్దరికీ పంచిపెట్టడం మానాలి అని అందులో ఉంది. తప్పనిసరై కలిపితే గంటకి 300 సైకిళ్ల దాకా 3 మీటర్లు, అంతకు మించితే 4.5 మీటర్లు ఉండాలి. కౌన్సిళ్లకి పేవ్‌మెంట్ మీద బొమ్మ వేయడం చౌక. మాకూ అది ఇష్టం లేదు. ప్రతి ఇంటి గేటు దగ్గరా, ప్రతి సందు దగ్గరా ఆగి దిగాలి. మీరు భయపడతారు, మేము నెమ్మదిస్తాం, కౌన్సిల్ మాత్రం రిపోర్టులో కొత్త సైకిల్ మార్గం అని రాసుకుంటుంది.

మీకు నోటీసు కనబడకపోవడానికి కారణం కూడా ఉంది. రోడ్డు పక్కన పేవ్‌మెంట్ అయితే హైవేస్ చట్టం 65, 66 సెక్షన్ల కింద కౌన్సిల్ దాన్ని సైకిల్ ట్రాక్‌గా మార్చుకోవచ్చు, దానికి ఇలాంటి ఆర్డర్ తతంగం లేదు. పొలంలోంచి పోయే ఫుట్‌పాత్ అయితే అలా కుదరదు. 1984 సైకిల్ ట్రాక్స్ చట్టం కింద ఆర్డర్ వేయాలి, అభ్యంతరం ఉంటే అదీ పైకి పోవాల్సిందే.

---

కర్రసాయం
మార్చి 4, రాత్రి 8:40

క్షమాపణ ఎందుకులే బాబూ. నువ్వు చెప్పిన పుస్తకం సంగతి మా కౌన్సిలర్‌కి చెప్పి చూస్తాను. ఆయన సైకిల్ కూడా తొక్కడు, నడవడు కూడా.

---

కొత్తసైకిల్
మార్చి 5, ఉదయం 10:10

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కితే ఫైన్ వేస్తారా? నేను రోజూ కొంత దూరం పొలం దారిలోనే వెళ్తాను. ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు.

---

దారిపటం
మార్చి 5, మధ్యాహ్నం 12:45

రెండు వేరు వేరు సంగతులు. రోడ్డు పక్కన పేవ్‌మెంట్ మీద తొక్కడం 1835 చట్టం ప్రకారం నేరం. ఇంకా అదే చట్టం నడుస్తోంది! పొలంలోని పబ్లిక్ ఫుట్‌పాత్ మీద అయితే మామూలుగా నేరం కాదు, కానీ మీకు హక్కు లేదు. భూమి యజమాని దృష్టిలో మీరు అతిక్రమించినట్టు. ఆయన వెళ్లిపొమ్మంటే దిగి వెళ్లాలి.

స్తంభం మీద బాణం రంగు చూసుకోండి. పసుపు అయితే నడకకే. నీలం అయితే బ్రిడిల్‌వే, అంటే గుర్రాలకీ, 1968 నుంచి సైకిళ్లకీ. కానీ నడిచేవాళ్లకి, గుర్రాలకి మీరే దారివ్వాలి. ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే 1:25,000 పటంలో పొట్టి పచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు పచ్చ గీతలు బ్రిడిల్‌వే. కాలవ గట్టు మీది దారుల్లో చాలావాటికి ఈ హక్కులేవీ లేవు, కాలవని చూసుకునే సంస్థ అనుమతితో మాత్రమే నడుస్తున్నాయి.

---

ఉత్తరగాలి
మార్చి 5, రాత్రి 9:20

ఈ పసుపూ నీలమూ గోల మాకు లేదు 🙂 స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే చాలు, నడిచినా సైకిల్ తొక్కినా గుర్రం ఎక్కినా దాదాపు ఎక్కడికైనా పోవచ్చు. ఇళ్ల ఆవరణలూ, పంట వేసిన చేలూ తప్ప. కౌన్సిళ్లు కోర్ పాత్‌ల, అంటే ముఖ్యమైన దారుల, పటం వేరే తయారు చేయాలి. పేవ్‌మెంట్ మీద కార్లు పెట్టడం కూడా ఎడిన్‌బరాలో 2024 జనవరి నుంచి బంద్. కర్రసాయం గారూ, ఇక్కడికి వచ్చేయండి.

---

కర్రసాయం
మార్చి 5, రాత్రి 9:33

మీ చలికి నా మోకాళ్లు ఒప్పుకోవమ్మా.

---

దారిపటం
మార్చి 5, రాత్రి 10:15

ఉత్తరగాలి గారూ, ఉడికించకండి. ఇక్కడ 1932 ఏప్రిల్ 24న నడిచే హక్కు కోసం కిండర్ స్కౌట్ కొండ ఎక్కిన గుంపులో ఐదుగురు జైలుకి పోయారు. 1949 చట్టం వచ్చాక కానీ కౌన్సిళ్లు దారుల పటం గీయడం మొదలుపెట్టలేదు. ఆ పటమే డెఫినిటివ్ మ్యాప్. దాని మీద ఉన్న గీతకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఎవరో తాళం వేశారనో, ఎవరూ నడవడం లేదనో ఆ హక్కు పోదు.

---

సందుచివర
మార్చి 6, ఉదయం 8:02

పటం మీద లేని దారి సంగతేంటి మరి? మా ఇళ్ల వెనక సందులోంచి పాతికేళ్లుగా అందరం బస్‌స్టాప్‌కి పోతున్నాం. కొత్త యజమాని గేటు పెట్టాడు.

---

దారిపటం
మార్చి 6, ఉదయం 8:50

20 ఏళ్లు జనం ఎవరినీ అడక్కుండా, దాచకుండా, బలవంతం లేకుండా వాడి ఉంటే ఆ దారి పబ్లిక్‌కి ఇచ్చేసినట్టే అని చట్టం భావిస్తుంది. దాన్ని పటం మీదికి ఎక్కించమని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాలి. ఒక్కొక్కరూ ఫారం నింపాలి: ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, వారానికి ఎన్నిసార్లు, ఎవరైనా ఆపారా అని. పాత ముసలివాళ్లని ముందు పట్టుకోండి. 20 ఏళ్లని గేటు పెట్టిన రోజు నుంచి వెనక్కి లెక్కేస్తారు కాబట్టి ఆ తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కౌన్సిల్ ఏడాదిలోపు తేల్చకపోతే పైకి ఫిర్యాదు చేయొచ్చు. క్యూ మాత్రం పొడుగు.

పాత రికార్డులతో నిరూపించే దారుల్ని పటం మీదికి ఎక్కించడానికి మొదట 2026 గడువు పెట్టారు, తర్వాత 2031 అన్నారు, 2024 డిసెంబరులో ఆ గడువే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మీది వాడకం మీద ఆధారపడిన కేసు, ఆ గొడవ మీకు లేదు. దీనికి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ పొలంగట్టు గారి గడువు నడుస్తోంది.

---

పొలంగట్టు
మార్చి 8, రాత్రి 11:30

రెండు రాత్రులు కూర్చుని చేశాను. లేఅవుట్ పటం ప్రింట్ తీసి, మా అబ్బాయి ట్రేసింగ్ పేపర్ మీద దారి గీసి దాని మీద పెట్టాను.

నేను అనుకున్నట్టు లేదు! దారిలో మొదటి సగం వేయబోయే పచ్చిక బయలు మీదుగానే పోతోంది. అక్కడ ఇళ్లే లేవు. చివర స్కూలు వైపు ముక్క కూడా ఖాళీ జాగాలోనే ఉంది. మధ్యలో 90 మీటర్లు మాత్రం ఆరు ఇళ్ల కిందుగా పోతోంది. అంటే మళ్లించాల్సింది ఆ 90 మీటర్లే కదా? వాళ్లు మొత్తం దారిని తీసి రోడ్డు పక్కకి నెట్టారు. ఇప్పటి దారి 410 మీటర్లు, కొత్తది 640. పైగా 11 ఇళ్ల కార్లు బయటికి వచ్చే చోట్లు దాటాలి.

ఉత్తరం రాశాను. ముఖ్యాంశాలు: స్కూలు దారి పొడుగవుతుంది, కార్ల మధ్య పిల్లలు, పొలం అందం పోతుంది, మా ఇళ్ల ధరలు పడిపోతాయి, బిల్డర్‌కి కౌన్సిల్ అమ్ముడుపోయింది. సరేనా?

---

దారిపటం
మార్చి 9, ఉదయం 7:20

ఆ ట్రేసింగ్ పేపర్‌కి దండం. ఇదే మీ కేసు.

ఇళ్ల ధరలు తీసేయండి. అమ్ముడుపోయింది అన్న మాట తీసేయండి, అదుంటే మిగతాది ఎవరూ సరిగ్గా చదవరు. మొదటి పేరాలోనే ఇది పెట్టండి: దారి మొత్తాన్ని మళ్లించడం నిర్మాణానికి అవసరం కాదు, 90 మీటర్ల ముక్కకే అవసరం. పటం జతచేయండి. రెండో పేరాలో 410 నుంచి 640, 11 డ్రైవ్‌వేలు. మూడో పేరాలో ప్రభుత్వ సర్క్యులర్ 1/09, పేరా 7.8. కొత్త ఇళ్ల మధ్య దారి మళ్లించేటప్పుడు వీలైనంతవరకు ఎస్టేట్ రోడ్ల పక్కన పెట్టొద్దని, కార్లకి దూరంగా పచ్చిక బయళ్లలోంచి తీయమని అందులో ఉంది. కౌన్సిల్ ఆఫీసర్‌కి ఆ పేరా బాగా తెలుసు. మీకూ తెలుసని వాళ్లకి తెలియాలి, అంతే.

---

రెండుచక్రాలు
మార్చి 9, ఉదయం 9:05

నాదో చేర్పు. సైకిల్ దారి వద్దని రాయకండి దయచేసి. సైకిల్ దారి రోడ్డు పక్కనే ఉండనివ్వండి, మాకు అదే కావాలి. నడక దారిని దాని పాత చోటే ఉంచమనండి. రెండూ వేరుగా ఉంటే కర్రసాయం గారికీ, నాకూ ఇద్దరికీ మంచిది. నేనూ ఒక ఉత్తరం పంపుతాను. సైకిల్ తొక్కేవాడు కూడా ఇదే అంటున్నాడంటే కౌన్సిల్ కొంచెం ఆలోచిస్తుంది.

---

గేటుపక్కఇల్లు
మార్చి 9, ఉదయం 11:15

అరవై మంది ఒకే ఉత్తరం కాపీ కొట్టి పంపకండి. మా కేసులో ఒకతను జీవితంలో ఒక్కసారి కూడా ఆ దారిలో నడవకుండా అభ్యంతరం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే గేటు ఎటు తెరుచుకుంటుందో చెప్పలేకపోయాడు. నడిచేవాళ్లు సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాస్తే చాలు.

---

పొలంగట్టు
మార్చి 12, రాత్రి 10:00

పంపేశాను. అందినట్టు జవాబు వచ్చింది, ఈసారి "మీ అభ్యంతరం నమోదైంది" అని ఉంది. మా వీధి అరవై మందిలో పంపినవాళ్లు ఏడుగురు. మిగతావాళ్లు వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మలు పెట్టారు.

---

పొలంగట్టు
ఏప్రిల్ 9, ఉదయం 8:47

దారుణం. ఇవాళ స్కూలుకి పోతుంటే దారికి అడ్డంగా ఇనుప కంచె పలకలు పెట్టేశారు! "దారి మూసివేయబడింది" అని బోర్డు. ఆర్డర్ ఖరారు కాలేదు కదా?

---

దారిపటం
ఏప్రిల్ 9, ఉదయం 9:15

ఆ బోర్డు ఫొటో తీయండి. కింద ఆర్డర్ నంబరు, కౌన్సిల్ పేరు ఉన్నాయా? పనుల సమయంలో భద్రత కోసం తాత్కాలికంగా మూయడానికి కౌన్సిల్ ఆర్డర్ ఇవ్వొచ్చు, ఫుట్‌పాత్‌కి అయితే ఆరు నెలలే. అంతకు మించాలంటే పైనుంచి అనుమతి కావాలి. నంబరేమీ లేకపోతే అది బిల్డర్ సొంత బోర్డు, దారికి అడ్డు పెట్టినట్టే.

కౌన్సిల్లో దారుల విభాగానికి ఫోన్ చేయండి. ప్లానింగ్ విభాగానికి కాదు. జిల్లా కౌన్సిల్ ఒకటీ కౌంటీ కౌన్సిల్ ఒకటీ ఉన్న చోట ఇళ్ల అనుమతి జిల్లాది, దారుల కాపలా కౌంటీది. ఒకరు ఇంకొకరి పేరు చెప్పి మిమ్మల్ని తిప్పుతారు, ముందే తెలుసుకోండి. తొందర ఇంకో కారణానికి కూడా: నిర్మాణం దాదాపు పూర్తయిపోయాక ఈ సెక్షన్ కింద దారి మళ్లించడం కుదరదు. అది బిల్డర్‌కీ తలనొప్పే. ఆ మాట మెత్తగా గుర్తు చేయండి.

---

పొలంగట్టు
ఏప్రిల్ 11, సాయంత్రం 5:40

నంబరు లేదు. నిన్న ఉదయం కౌంటీకి ఫోన్ చేశాను, ఇవాళ మధ్యాహ్నానికి పలకలు పక్కకి జరిపారు. ఫోన్ ఎత్తినావిడ పటంలో దారి నంబరు చెప్పగానే "ఆ, తెలుసు" అంది. నంబరు చెప్పడంలోనే ఉంది కిటుకంతా.

---

పొలంగట్టు
మే 22, రాత్రి 9:05

ఆఫీసర్ ఫోన్ చేశారు. బిల్డర్ దిగొచ్చాడట. పచ్చిక బయలులో ముక్క, స్కూలు వైపు ముక్క అలాగే ఉంచి, మధ్య 90 మీటర్లు మాత్రం ఇళ్ల వెనక నుంచి తిప్పుతారట. సైకిల్ దారి రోడ్డు పక్కనే వేరుగా ఉంటుంది. "మరి అభ్యంతరం వెనక్కి తీసుకుంటారా?" అని అడిగారు. చాలా మర్యాదగానే అడిగారు. రేపు ఈమెయిల్ పంపేయనా?

---

దారిపటం
మే 22, రాత్రి 9:11

ఆగండి! ఏ ఆర్డర్ మీద వెనక్కి తీసుకుంటారు? ఇప్పుడున్న కాగితం మీద పాత చుక్కల గీతే ఉంది. మీ ఏడుగురూ వెనక్కి తీసుకుంటే ఆ పాత గీతనే కౌన్సిల్ ఖరారు చేయొచ్చు. అభ్యంతరం లేని ఆర్డర్‌ని కౌన్సిల్ మార్చి ఖరారు చేయలేదు, ఉన్నది ఉన్నట్టే చేయాలి. కొత్త గీత కావాలంటే కొత్త ఆర్డర్, కొత్త నోటీసు, కొత్త 28 రోజులు.

ఆయన మోసం చేస్తున్నాడని అనను. ఆఫీసర్లు మారతారు, సెలవు పెడతారు. "కొత్త ఆర్డర్ వచ్చి, అది మీరు చెప్పినట్టు ఉంటే దానికి మేము అభ్యంతరం చెప్పం. అప్పటిదాకా పాతది అలాగే ఉంటుంది" అని రాయండి.

---

గేటుపక్కఇల్లు
మే 22, రాత్రి 9:50

దారిపటం గారు మా కేసులో అవతల పక్క లేనందుకు దేవుడికి దండం.

---

పొలంగట్టు
జూలై 16, రాత్రి 8:30

కొత్త నోటీసు కట్టారు. పాత ఆర్డర్ వదిలేశారు. పటం మీద చుక్కల గీత మధ్యలో చిన్న మెలిక మాత్రమే. నడక దారి 2 మీటర్లు, మొత్తం 440 మీటర్లు. మా అబ్బాయి మళ్లీ ట్రేసింగ్ పేపర్ పెట్టి సరిచూశాడు. నేను అభ్యంతరం పెట్టడం లేదు.

వానకి నోటీసు కవర్లోకి నీళ్లు పోయాయి. టిష్యూతో తుడిచి మళ్లీ కట్టాను. ఇంకెవరైనా చదవాలిగా.

---

కర్రసాయం
జూలై 16, రాత్రి 9:02

సంతోషం అమ్మా. ఒక్క సంగతి. కొత్త ముక్కకి రెండు చివర్లా ఏం పెడతారు? చెక్క మెట్టా, గేటా? నాలాంటివాడు మెట్టు ఎక్కలేడు.

---

పొలంగట్టు
జూలై 16, రాత్రి 9:10

పటంలో ఏమీ లేదు. నా తోపుడు బండి సంగతీ అదే. ఎవరిని అడగాలి?

---

దారిపటం
జూలై 16, రాత్రి 9:24

పటంలో ఉండదు. ఆర్డర్ వెనక షెడ్యూల్ ఉంటుంది, అందులో కొత్త దారి వివరాల తర్వాత పరిమితులు అని ఒక వరుస చూడండి. గేటు గానీ మెట్టు గానీ పెట్టాలంటే అక్కడ రాసి ఉండాలి.

---

పొలంగట్టు
జూలై 16, రాత్రి 9:31

చూశాను. "పరిమితులు: ఏవీ లేవు" అని ఉంది. అంటే?

---

దారిపటం
జూలై 16, రాత్రి 9:33

అంటే రెండు చివర్లా ఖాళీ. ఎవరైనా ఏదైనా పెడితే అది అడ్డు పెట్టినట్టే. బండి ఎత్తక్కర్లేదు.